పూలు చల్లిన చేతులు

(గుత్తిలో ఒక ఆదివారం సాయంత్రం విశ్రాంత తెలుగు అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది ఇది. మాటల ధోరణి మార్చలేదు.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించండి నాయనా. ఆ, చాలు.

మన ఊరి నుంచి పత్తికొండ దారిలో పోతే ఎర్రగుడి వస్తుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. పొలాల మధ్య బండలు, ఆ బండల మీద అశోకుడు చెక్కించిన మాటలు. పద్నాలుగు పెద్ద శాసనాలు అక్కడ ఉన్నాయి, చిన్నవీ ఉన్నాయి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి బ్యాచి పిల్లల్నీ తీసుకుపోయి చూపించేవాణ్ణి. లిపి మాకెవరికీ రాదు. అనువాదం కాగితం మీద రాసుకుపోయి, బండ నీడన కూర్చుని చదువుకునేవాళ్ళం.

మొదటి శాసనంలో ఆయన తన వంటశాల సంగతి చెబుతాడు. మునుపు కూరల కోసం రోజూ లక్షల జీవాల్ని చంపేవాళ్ళట. ఇప్పుడు మూడే చంపుతున్నారు, రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ఇకమీదట ఈ మూడింటినీ చంపరు అంటాడు. ఎంత నిజాయితీగా లెక్క చెప్పాడో చూడండి. 'మానేశాను' అని ఊరికే అనలేదు, ఇంకా మూడు మిగిలాయని ఒప్పుకున్నాడు.

పదమూడో శాసనం కళింగ గురించి. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు కళింగను గెలిచాడు. 1,50,000 మందిని అక్కడి నుంచి తరలించారు, 1,00,000 మంది హతమయ్యారు, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారు. అందులో నూరో వంతు, వెయ్యో వంతు మందికి ఇప్పుడు ఆ కష్టం వచ్చినా తనకు భరించరానిదే అంటాడు. గెలిచిన రాజు తన గెలుపును ఇలా రాతిమీద ఏడ్చి చెప్పుకున్న సందర్భం నాకు తెలిసి ఇంకోటి లేదు.

అయితే రెండు సంగతులు పిల్లలకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి. ఈ పదమూడో శాసనం కళింగలో లేదు. ధౌలిలో, జౌగడలో దాన్ని వదిలేసి వేరే శాసనాలు చెక్కించాడు. చచ్చినవాళ్ళ అన్నదమ్ములు, పిల్లలు ఉన్నచోట ఆ లెక్క కనిపించదు. ఎక్కడో దూరాన ఉన్న మన బండ మీద కనిపిస్తుంది. రెండోది, ఉత్తరాన స్తంభాల మీద ఉన్న నాలుగో శాసనం. అది పట్టాభిషేకమైన 26 ఏళ్ళకు వేయించింది, అంటే కళింగ తర్వాత పద్దెనిమిదేళ్ళకు. మరణశిక్ష పడ్డవాళ్ళకు మూడు రోజుల గడువు ఇస్తున్నాను, ఈలోగా వాళ్ళ బంధువులు వచ్చి ప్రాణం కోసం మొరపెట్టుకోవచ్చు, ఎవరూ లేకపోతే వాళ్ళు పరలోకం కోసం దానమో ఉపవాసమో చేసుకోవచ్చు అని అందులో ఉంది.

మూడు రోజులు. నెమలిని వదిలేసిన మనిషి మరణశిక్షను వదలలేదు.

అశోకుణ్ణి చిన్నచేయడానికి చెప్పడం లేదు ఇది. అంత పశ్చాత్తాపపడ్డ మనిషే ఇక్కడికొచ్చి ఆగిపోయాడంటే, ఆ ఆగిన చోట ఏదో పెద్ద చిక్కు ఉంది. చంపకూడదు అని ఒప్పుకున్నవాళ్ళందరం ప్రభుత్వం చంపేచోటికి వచ్చేసరికి ఎందుకు గమ్మున ఉంటాం? ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది అదే.

ముందు నా సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఈ విషయం మాట్లాడే అర్హత నాకు లేదు.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ వైపు తీసుకుపోయి కాల్చేశారు. మీకందరికీ గుర్తుంది. మా అమ్మాయి అప్పుడు హైదరాబాదులోనే ఉద్యోగం చేస్తోంది, రాత్రి షిఫ్టు. ఆ వారమంతా మా ఇంట్లో ఎవరి నోటికీ ముద్ద దిగలేదు. రాత్రి రెండుగంటలకు మా ఆవిడ లేచి కూర్చుని ఫోను చూసుకునేది. డిసెంబరు 6 పొద్దున టీవీ పెట్టాను. నలుగురు నిందితులు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారని వస్తోంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, 'మంచి పని చేశారు'. గట్టిగానే అన్నాను. వంటింట్లో ఉన్న మా ఆవిడకు వినపడేలా అన్నాను.

కాసేపటికి జనం వంతెన మీద నుంచి పోలీసుల మీద పూలు చల్లడం చూపించారు. మిఠాయిలు పంచుకున్నారు. నేను అక్కడ లేను కాబట్టి చల్లలేదు, అంతే తేడా.

ఆ తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ విచారణ చేసింది. దాని నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే వాళ్ళమీద కాల్పులు జరిపారని కమిషన్ తేల్చింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. అది చదివిన రాత్రి నాకు నిద్రలేదు. వాళ్ళే ఆ ఘోరం చేశారా అన్నది ఏ కోర్టూ విచారించలేదు. ఇక విచారించే వీలూ లేదు. ఆ అమ్మాయికి ఏం జరిగిందో సాక్ష్యాలతో, ప్రశ్నలతో, జవాబులతో ఒక న్యాయస్థానంలో నిలబడి తేలాల్సిన నిజం ఆ పొద్దున పొలంలోనే పోయింది. ఆ పిల్లకు మనం బాకీపడింది ఆ నిజం. దాని బదులు పూలు చల్లాం.

ఇప్పుడు మతాల సంగతికి వస్తాను. 'అహింసా పరమో ధర్మః' అంటాం. బౌద్ధంలో పంచశీలాల్లో మొదటిది ప్రాణం తీయకుండా ఉండటం. బైబిల్లో 'నరహత్య చేయకూడదు'. ఖురాన్ అయిదో సూరా 32వ వాక్యంలో, ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీసినవాడు మానవజాతినంతా చంపినట్టే, ఒక ప్రాణాన్ని నిలిపినవాడు అందర్నీ నిలిపినట్టే అని ఉంది. ఇవన్నీ బడి గోడల మీద రాసే మాటలు. గోడ మీద రాసినంతవరకే తీసుకుంటే, 'నేనెవర్నీ చంపలేదు కదా' అని ప్రతివాడూ నిశ్చింతగా ఉండవచ్చు. ఆ నిశ్చింతను మన పెద్దలు ఒప్పుకోలేదు.

ధమ్మపదంలో ఒక గాథ ఉంది. అందరూ దండానికి భయపడతారు, అందరికీ చావంటే భయం. నిన్ను వాళ్ళ స్థానంలో పెట్టుకుని చూసి, 'న హనేయ్య, న ఘాతయే'. చంపకు, చంపించకు. రెండు మాటలు. రెండో మాట లేకపోతే మొదటి మాట రాజులకూ ధనికులకూ ఎప్పుడూ వర్తించదు. వాళ్ళు స్వయంగా కత్తి పట్టరు కదా.

పతంజలి ఇంకో మెట్టు ఎక్కాడు. యోగసూత్రాల రెండో పాదంలో హింస మూడు రకాలన్నాడు. కృతం, కారితం, అనుమోదితం. చేసినది, చేయించినది, ఒప్పుకున్నది. జైనులు ఈ మూడింటినీ మనసుతో, మాటతో, శరీరంతో హెచ్చవేసి తొమ్మిది చేశారు. నేను ఆ పొద్దున టీవీ ముందు అన్న మాట ఆ తొమ్మిదింట్లో ఎక్కడ పడుతుందో వాళ్ళనడిగితే వెంటనే చెప్పేవాళ్ళు. అనుమోదితం, వాచా. తెలుగులో దీనికి మనకో మాట ఉంది, ఊ కొట్టడం. కథ చెప్పేవాడికి ఊ కొట్టేవాడు లేకపోతే కథ ముందుకు సాగదు.

మన సీమవాళ్ళకు ఈ లెక్క ఎవరో వచ్చి నేర్పక్కర్లేదు. ఫ్యాక్షన్ రోజులు చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. వేటకొడవలి ఎత్తినవాడు ఒకడు. జీపు ఇచ్చినవాడు ఇంకొకడు. ఫలానా దారిలో వస్తున్నాడని కబురు చేసినవాడు, ఆ రాత్రి అన్నం పెట్టి దాచినవాడు, వాయిదాలకు డబ్బు పెట్టినవాడు. పోయినవాడి తల్లి వీధిలో కూర్చుని ఏడిస్తే ఆ ఏడుపులో వీళ్ళందరి పేర్లూ వచ్చేవి. చట్టం కూడా కొంతవరకు ఆ తల్లి లెక్కే తీసుకుంటుంది. కుట్ర, ప్రేరేపణ, ఉమ్మడి ఉద్దేశం అని సెక్షన్లు ఉన్నాయి. ఊ కొట్టినవాణ్ణి మాత్రం చట్టం పట్టుకోలేదు. పట్టుకోకూడదు కూడా. వాణ్ణి వాడి మనసే పట్టుకోవాలి.

మనుస్మృతి అయిదో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది. ఆ పుస్తకాన్ని నేను నెత్తిన పెట్టుకునేవాణ్ణి కాను. కులాన్ని బట్టి అందులో రాసిన శిక్షలు చదివితే కడుపు మండుతుంది. కానీ ఈ ఒక్క శ్లోకం వినండి. 'అనుమంతా విశసితా నిహంతా క్రయవిక్రయీ, సంస్కర్తా చోపహర్తా చ ఖాదకశ్చేతి ఘాతకాః'. ఇది మాంసం గురించి చెప్పింది. ఒప్పుకున్నవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, అందరూ ఘాతకులే. మాంసం తినొద్దని చెప్పడానికి ఇది చదవలేదు, నేను తింటాను. నేను చూసేది ఆ జాబితా వరస. ఎనిమిదిమందిలో మొదట ఎవరిని పెట్టాడు? అనుమంతను. ఒప్పుకున్నవాణ్ణి. కత్తి పట్టినవాడు ఆ తర్వాతే.

ఇప్పుడు మన దేశంలో ఒక మనిషిని ఎలా ఉరితీస్తారో చూద్దాం. సెషన్స్ జడ్జి శిక్ష వేస్తాడు. హైకోర్టు ఖాయం చేస్తేగానీ అది చెల్లదు. సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేస్తుంది. హోంశాఖ ఫైలు రాస్తుంది. రాష్ట్రపతి క్షమాభిక్ష తిరస్కరిస్తారు. వారంటు వస్తుంది. జైలు సూపరింటెండెంటు ఏర్పాట్లు చేస్తాడు. తలారి మీట లాగుతాడు. డాక్టరు నాడి చూసి రాసిస్తాడు. ఆ తాడు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? బీహారులోని బక్సర్ జైలు నుంచి. ఆ జైల్లో ఖైదీలే పేనుతారు. ఖైదీ మెడకు ఇంకో ఖైదీ చేతిపని.

కింది జడ్జి 'పైకోర్టు చూస్తుంది కదా' అనుకోవచ్చు. పైకోర్టు 'కింద సాక్ష్యాలు చూశారు కదా' అనుకోవచ్చు. తలారి 'కోర్టు చెప్పింది, నేను చేశాను' అనుకోవచ్చు. తప్పుపట్టడం లేదు, వాళ్ళూ రాత్రి నిద్రపోవాలి. మనువు పనిని ఎనిమిదిమందికి పంచి పాపం మొత్తాన్నీ అందరి మీదా పెట్టాడు. రాజ్యం కూడా పనిని అలాగే పంచుతుంది, కానీ ఎవరి వంతుకూ ఏమీ మిగలకుండా పంచుతుంది. అంతమంది చేతుల మీదుగా పోయేసరికి ఆ చావు ఎవరిదీ కాకుండా పోతుంది.

ఎవరిదీ కాదా? కోర్టే చెప్పింది ఎవరిదో. పార్లమెంటు మీద దాడి కేసులో 2005లో సుప్రీంకోర్టు తీర్పు చదవండి. మరణశిక్ష వేస్తేనే సమాజపు సమష్టి అంతరాత్మ తృప్తిపడుతుందని రాశారు. ఆ మాట 1983 నుంచి తీర్పుల్లో ఉంది. సమష్టి అంతరాత్మ అంటే ఎవరు? గుత్తి బస్టాండులో టీ తాగుతున్న మనమే. మనల్ని ఎవరూ అడగలేదు, కానీ మన పేరు రాశారు. నా పేరు రాసినచోట నాకు పూచీ ఉంటుందా ఉండదా?

ఆ కేసులో మరణశిక్ష పడ్డ అఫ్జల్ గురును 2013 ఫిబ్రవరి 9న తీహారు జైల్లో ఉరితీశారు. సంగతి చెప్పే ఉత్తరం స్పీడ్‌పోస్టులో ఇంటికి చేరేసరికి ఉరి అయిపోయింది. భార్య, కొడుకు చివరిచూపు చూడలేదు. ఆయన చేసిన నేరం మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, దాని జోలికి పోను. స్తంభం మీద అశోకుడు బంధువుల కోసం రాయించిన ఆ మూడు రోజులు మాత్రం నాకు గుర్తొచ్చాయి. మరుసటి ఏడు, 2014లో, సుప్రీంకోర్టే ఇకమీదట కబురుకూ ఉరికీ మధ్య కనీసం 14 రోజులు ఉండాలని చెప్పింది. మూడు పద్నాలుగు అయింది. నేను దాన్ని తక్కువచేయను, ఆ రోజుల్లోనే ప్రాణాలు నిలబడతాయి. ఆ మాట మళ్ళీ చెబుతాను.

'రాజా రాష్ట్రకృతం పాపం' అని చిన్నప్పుడు బడిలో వల్లెవేయించారు. దేశం చేసిన పాపం రాజుకు. రాజ్యమంతా ఒక మనిషి చేతిలో ఉన్న రోజుల మాట అది. మనువు లెక్కకూడా కట్టాడు, రక్షించని రాజుకు ప్రజల అధర్మంలో ఆరో వంతు అని. 1950లో మనం 'భారత ప్రజలమైన మేము' అని రాసుకుని రాజుల్ని తీసేశాం. రాజు పోయాడు సరే, ఆయన వంతు ఎక్కడికి పోయింది? కిరీటంలోని వాటాను ఓటుగా తీసుకుని పాపంలోని వాటా వదులుకోవడం కుదరదు. రాజు చేసింది రాష్ట్రానికి, అంటే మనకు, తిరిగి వచ్చింది. ఎవరి వంతు ఎంతో కొలవలేను, ఆరో వంతు కాదని మాత్రం తెలుసు. పూలు చల్లినవాడిదీ, మనసు ఒప్పక ఇంట్లో తలుపేసుకున్నవాడిదీ ఒకటే అని కూడా అనను. కానీ తలుపేసుకున్నవాడికి సున్నా అని అనలేను. మౌనం అర్ధాంగీకారం అన్నది మనమే.

బైబిల్లో ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో ఒక తంతు ఉంది. మా స్నేహితుడు ఒక పాస్టరు, ఆయన చూపించాడు నాకు. పొలంలో శవం దొరికింది, చంపినవాడెవరో తెలియదు. అప్పుడు ఆ శవానికి ఏ ఊరు దగ్గరో కొలుస్తారు. ఆ ఊరి పెద్దలు ఒక పెయ్యను వాగు దగ్గరికి తోలుకొచ్చి, దాని మెడ విరగదీసి, దానిమీద చేతులు కడుక్కుని, 'మా చేతులు ఈ రక్తం చిందించలేదు' అని చెప్పాలి. ఎందుకు చెప్పాలి? ఊరిపెద్దలు హంతకులని ఎవరనుకుంటారు? ఈ ప్రశ్న యూదు పండితులే తమ పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో వేసుకున్నారు. వాళ్ళ జవాబు ఇది: మా ఊరికొచ్చిన బాటసారిని అన్నం పెట్టకుండా, తోడు పంపకుండా మేము పోనివ్వలేదు అని వాళ్ళు చెప్పగలగాలి. పొలంలో శవం పడితే దూరం కొలిచి ఊరిని నిలదీయడం! చటాన్‌పల్లి నుంచి ఎవరి ఇంటికి ఎంత దూరం?

చేతులు కడుక్కున్నవాడు ఇంకొకడున్నాడు, యేసును శిలువకు అప్పగించిన రోమన్ గవర్నరు పిలాతు. 'ఈ నీతిమంతుని రక్తమునుగూర్చి నేను నిరపరాధిని' అన్నాడు. అధికారం ఉన్నది ఆయనకే, ఆజ్ఞ ఇచ్చింది ఆయనే. ఊరిపెద్దల నీళ్ళు, పిలాతు నీళ్ళు ఒకలాగే కనిపిస్తాయి. పెద్దలు ఆ శవం తమదేనని దాని దగ్గరికి వచ్చి కడుక్కున్నారు. పిలాతు తనది కాదనిపించుకోవడానికి కడుక్కున్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. 'నరహత్య చేయకూడదు' అన్నది నిర్గమకాండం 20వ అధ్యాయం. 21వ అధ్యాయం తిప్పితే ఎవరెవర్ని చంపాలో ఉంది. ఖురాన్ వాక్యంలోనే మినహాయింపు ఉంది, హత్యకు బదులుగానో భూమి మీద కల్లోలం రేపినందుకో తప్ప అని. అదే గ్రంథం చనిపోయినవాడి వారసులకు క్షమించే హక్కునూ ఇచ్చింది. మన ధర్మశాస్త్రాల్లో వధదండం నిండా ఉంది. మతం చంపొద్దంటుంది కాబట్టి ఉరి తప్పు అని నేను తేలిగ్గా చెప్పేస్తే, మీలో చదువుకున్నవాళ్ళు నన్ను నిలబెట్టి అడుగుతారు. అడగాలి. మతాలు తలుపు మూసి, పక్కనే కిటికీ తెరిచి పెట్టాయి. ఆ కిటికీ దగ్గర నిలబడి కొట్లాడినవాళ్ళూ ఆ మతాల్లోనే ఉన్నారు. నాకు వాళ్ళు ముఖ్యం.

మిష్నాలోనే ఒక చర్చ ఉంది. ఏడేళ్ళకొకసారి మరణశిక్ష వేసే న్యాయసభను 'విధ్వంసక సభ' అనాలి అని ఒకరంటారు. ఎలియాజరు బెన్ అజర్యా డెబ్బై ఏళ్ళకొకసారి వేసినా అంతే అంటాడు. మేముంటే ఎవరికీ ఎప్పటికీ పడేది కాదు అంటారు తర్ఫోను, అకీవా. వెంటనే రబ్బాన్ షిమోన్ లేచి, మీలాంటివాళ్ళు ఇజ్రాయెలులో హంతకుల్ని పెంచుతారు అంటాడు. అక్కడితో వదిలేశారు. ఎదుటివాడి మాటను చెరిపెయ్యలేదు, దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ నుంచి అలాగే నిలుపుకుంటూ వస్తున్నారు.

మనకూ అలాంటి వాదన ఉంది. అది మనకెవరూ చెప్పలేదే అని నాకు బాధ. సత్యవంతుడు అనగానే సావిత్రి గుర్తొస్తుంది, యముడి వెంట నడవడం గుర్తొస్తుంది. ఆ సత్యవంతుడు తర్వాత ఏం చేశాడో శాంతిపర్వంలో ఉంది. యుద్ధం అయిపోయింది, ధర్మరాజు కుమిలిపోతున్నాడు, అంపశయ్య మీద ఉన్న భీష్ముణ్ణి అడుగుతాడు. ఎవరినీ హింసించకుండా రాజు ప్రజల్ని ఎలా కాపాడాలి? భీష్ముడు ఈ కథ చెబుతాడు. ద్యుమత్సేన మహారాజు ఆజ్ఞ మీద కొందరిని వధకు తీసుకుపోతున్నారు. కొడుకు సత్యవంతుడు చూశాడు. అంతకుముందు ఎవరూ అనని మాట అన్నాడు అని ఉంది మూలంలో. ధర్మం ఒక్కోసారి అధర్మం అవుతుంది, అధర్మం ధర్మం అవుతుంది. కానీ 'వధో నామ భవేద్ధర్మో నైతద్ భవితుమర్హతి'. చంపడం ధర్మం కావడమన్నది కుదిరే పని కాదు.

తండ్రి తేలిగ్గా వదల్లేదు. దొంగల్ని చంపకపోతే అంతా కలగాపులగం అవుతుంది, బతుకు సాగదు అన్నాడు. పూర్వం ఛీ అంటే చాలేది, తర్వాత మాటతో మందలింపు వచ్చింది, తర్వాత జరిమానా, ఇప్పుడు వధ తప్ప వినే కాలం కాదు అన్నాడు. ఈ మాట మనం రోజూ టీవీలో వింటున్నదే, ప్రతి మూడో మనిషి నోటా. సత్యవంతుడు ఏమన్నాడంటే, ఒక దొంగను చంపితే వాడి భార్యను, తల్లిని, తండ్రిని, పిల్లల్ని చంపినట్టే. ఏ పాపం ఎరుగనివాళ్ళు చస్తారు. చెడ్డవాడు ఒక్కోసారి మంచివాళ్ళ వల్ల మారతాడు, చెడ్డవాడికి మంచి సంతానం కలుగుతుంది, వేరుతో నరకొద్దు.

యముడి పాశం ఒకసారి మీదపడి వెనక్కి వచ్చినవాడు ఈ మాట అన్నాడని మూలంలో ఎక్కడా ఎత్తిచెప్పరు. చదువుతుంటే మాత్రం నాకు ఒళ్ళు జలదరించింది.

(సభలో ఒక పెద్దాయన లేచి, 'సార్, ఆ పిల్ల మీ కూతురే అయ్యుంటే ఏం చేసేవారు?' అని అడిగారు.)

కూర్చోండి అన్నా. ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాను. నా కూతురే అయ్యుంటే నేను నా చేతులతో చంపాలనుకునేవాణ్ణి. అబద్ధం చెప్పను. అది తండ్రి దుఃఖం, దానికి ఎవరూ వంక పెట్టకూడదు. ఆ తల్లిదండ్రుల కోపం గురించి నేను ఒక్క మాట అనలేదు, అనను. కానీ ఆ కోపం వాళ్ళది. వాళ్ళకున్న హక్కును నేను టీవీ ముందు కూర్చుని అరువు తెచ్చుకున్నాను. నాకు ఆ దుఃఖం లేదు, దాని రుచి మాత్రం తీసుకున్నాను. ఇంకోటి అన్నా. ప్రభుత్వం అనేది పెట్టుకున్నదే, కడుపు రగిలినవాడి చేతికి కత్తి ఇవ్వకుండా ఉండటానికి. వాడి తరఫున ప్రభుత్వమే కడుపు రగిలినవాడిలా ప్రవర్తిస్తే ఇక దాని పని ఏముంది? పైగా రేపు మీ అబ్బాయిని అనుమానం మీద తీసుకుపోతే, తెల్లవారుజామున 'తుపాకీ లాక్కోబోయాడు' అని కబురొస్తే, ఆరోజు ఎవరో పూలు చల్లుతారు. వాళ్ళకు నిజం తెలియదు. మనకూ ఆరోజు తెలియదు.

'అన్నల హింస గురించి మాట్లాడవేం' అని కూడా అంటారు. మాట్లాడతాను. ఇన్‌ఫార్మరు అని చెప్పి పేదవాణ్ణి చంపి కరపత్రం పడేసినా అది హత్యే. ఎస్.ఆర్. శంకరన్ గారిని తలుచుకోండి. గిరిజనుల కోసం జీవితం పెట్టిన ఐఏఎస్ అధికారి. 1987లో గుర్తేడులో నక్సలైట్లే ఆయన్ని ఎత్తుకుపోయారు. అయినా పదేళ్ళ తర్వాత పొత్తూరి వెంకటేశ్వరరావు గారి లాంటివాళ్ళతో కలిసి పౌరస్పందన వేదిక పేరుతో ఊళ్ళు తిరిగి, చంపడం ఆపమని ప్రభుత్వాన్నీ నక్సలైట్లనీ ఇద్దరినీ అడిగారు. ఇద్దరి చేతా మాటలు పడ్డారు. నేను ఎక్కువగా ప్రభుత్వం గురించే మాట్లాడటానికి కారణం ఒకటే. అడవిలోవాళ్ళు నా ఓటుతో చంపరు, నా పన్నుతో తూటా కొనరు.

నేను డిగ్రీ చదివేరోజుల్లో, ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్ ఇద్దరినీ ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. అదిలాబాదు రైతుబిడ్డలు, నక్సలైట్ ఉద్యమంలో చేరినవాళ్ళు. హాస్టల్లో ఆ మాట గుసగుసగా వచ్చింది, గుసగుసగానే పోయింది. ఆ జైలు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. మా అన్నకు ఒంట్లో బాగాలేనప్పుడు అక్కడ వరండాలో నాలుగు రాత్రులు పడుకున్నాను. మూడో రాత్రి గుర్తొచ్చింది ఇది ఎక్కడో. పక్కనున్న వాళ్ళకెవరికీ తెలియదు, చెప్పాలనీ అనిపించలేదు. వాళ్ళ మనుషులు లోపల బతకడానికి కొట్లాడుతున్నారు.

చివరగా ఒకటి చెప్పి దిగిపోతాను. 1993 మార్చి 8న చిలకలూరిపేట బస్సు తగలబడింది. దోపిడీకి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు పెట్రోలు పోసి అంటించారు. ఇరవైముగ్గురు మాడిపోయారు. ఆ ఫొటోలు పేపర్లో చూసి నేను రెండు రోజులు బస్సెక్కలేదు. ఆ ఇద్దరూ దళిత యువకులు. ఉరిశిక్ష పడింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, 1997 మార్చిలో ఉరి తేదీ పెట్టారు. ఆ కొద్దిరోజుల్లో హక్కుల సంఘాలవాళ్ళు, రచయితలు, వకీళ్ళు ఊరూరా తిరిగారు. అశోకుడు బంధువులకిచ్చిన పని బంధువులు కానివాళ్ళు చేశారు. చివరి గంటల్లో సుప్రీంకోర్టు ఆపింది. 1998లో రాష్ట్రపతి నారాయణన్ గారు యావజ్జీవంగా మార్చారు.

ఆ మార్చిలో మా స్టాఫ్‌రూమ్‌కు ఒక కుర్రాడు కాగితాలు పట్టుకుని వచ్చాడు. చెప్పులు తెగి ఉన్నాయి, పిన్నీసు పెట్టుకున్నాడు. 'సార్, ఒక సంతకం' అన్నాడు. అంతకు వారం ముందే పిల్లలకు ఎర్రగుడిలో మొదటి శాసనం చదివి వినిపించి వచ్చాను. ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదివాను. ఇరవైముగ్గురు అనుకున్నాను. 'రేపు రా బాబూ, చూద్దాం' అన్నాను. సరే సార్ అని పక్క కుర్చీ దగ్గరికి పోయాడు. మర్నాడు వచ్చాడు. నేను క్లాసులో ఉన్నానని చెప్పించాను.

వాళ్ళిద్దరూ బతికారు. నా సంతకం లేకుండానే బతికారు.

సెలవు.